ఆహార భద్రత కేసుల్లో విశ్లేషణ రిపోర్టునూ ధ్రువపత్రాలనూ సాక్ష్యంగా నిలబెట్టడం ఎలా

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద నడిచే క్రిమినల్ కేసు దాదాపు పూర్తిగా ఫుడ్ ఎనలిస్ట్ ఇచ్చే విశ్లేషణ రిపోర్టు మీద ఆధారపడుతుంది. దొంగతనం కేసులోనో కొట్లాట కేసులోనో కళ్లారా చూసినవాళ్లు ఉంటారు. కారంపొడిలో సూడాన్ అనే నిషిద్ధ కృత్రిమ రంగు కలిసిందని చూసి చెప్పగల సాక్షి మాత్రం ఎక్కడా దొరకడు. అందువల్ల రిపోర్టు నిలిస్తే కేసు నిలుస్తుంది, రిపోర్టు వీగిపోతే మిగిలిన సాక్షులు ఎంత చక్కగా చెప్పినా ఫలితం ఉండదు. ఇంత బరువు మోసే పత్రానికి ఎగ్జిబిట్ (కోర్టు సాక్ష్యపత్రం) నంబరు వేయించడంతోనే పని ముగిసిందనుకోవడం ఈ కేసుల్లో తరచుగా కనిపించే లోపం. రిపోర్టు చివర రాసిన అభిప్రాయం ఒక్కటే సాక్ష్యం కాదు. ఆ అభిప్రాయానికి దారితీసిన శాంపిల్, సీలు, పరీక్షా పద్ధతి, కొలతలు, కారణాలు అన్నీ దానికి తోడైనప్పుడే కోర్టు దాన్ని నమ్ముతుంది. ఆహార భద్రతా అధికారులు, ఏపీపీలు (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు), ఈ కేసుల్లోకి కొత్తగా వస్తున్న న్యాయవాదులు ఆ తోడును ఎలా సమకూర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఏ కేసు ఎక్కడికి వెళ్తుందన్నది ముందే తేల్చుకోవాలి. నాసిరకం ఆహారానికి సంబంధించిన 51వ సెక్షన్, తప్పుడు లేబుళ్లకు సంబంధించిన 52వ సెక్షన్ జరిమానాతో సరిపెడతాయి కాబట్టి అవి 68వ సెక్షన్ ప్రకారం అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి ముందు విచారణకు వస్తాయి. జైలుశిక్షకు వీలున్న నేరాలు, ముఖ్యంగా సురక్షితం కాని ఆహారం గురించిన 59వ సెక్షన్ కిందివి, కోర్టుకు వెళ్తాయి. ఈ రెంటిలో ఏది అన్నది డెసిగ్నేటెడ్ ఆఫీసర్ (తన ప్రాంతంలో ఈ చట్టం అమలును చూసే అధికారి) 42(3) సెక్షన్ కింద రిపోర్టును పరిశీలించి నిర్ణయిస్తారు. అంటే రిపోర్టులోని ఒక్క మాట నిందితుడు జరిమానాతో బయటపడతాడా, బోనులో నిలబడతాడా అన్నది తేలుస్తుంది.

రిపోర్టుకు చట్టంలో ఉన్న స్థానం

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టంలో 13(5) సెక్షన్ ఉండేది. పబ్లిక్ ఎనలిస్ట్ రిపోర్టును అందులో పేర్కొన్న వాస్తవాలకు సాక్ష్యంగా వాడుకోవచ్చని అది సూటిగా చెప్పేది. కేంద్ర ఆహార ప్రయోగశాల డైరెక్టర్ ఇచ్చే ధ్రువపత్రమైతే తుది నిర్ణాయక సాక్ష్యం. పసుపు పొడి కల్తీకి సంబంధించిన మంగళ్‌దాస్ రాఘవ్‌జీ రూపారెల్ కేసులో సుప్రీంకోర్టు 1965లోనే ఎనలిస్ట్‌ను పిలవకపోయినా రిపోర్టును ఆధారం చేసుకోవచ్చని చెప్పింది. ఆ రోజుల అలవాటు ఇంకా వదల్లేదు. 2006 చట్టంలో విశ్లేషణను వివరించే 46, 47 సెక్షన్లు రిపోర్టు ఎవరికి, ఎన్ని రోజుల్లో పంపాలో చెబుతాయి, రిఫరల్ ప్రయోగశాల (అప్పీలులో మళ్లీ పరీక్షించే ప్రయోగశాల) నిర్ణయమే అంతిమమని కూడా చెబుతాయి. అంతేగాని పాత 13(5) లాంటి వాక్యం వాటిలో లేదు. ప్రభుత్వ శాస్త్ర నిపుణుల రిపోర్టులను వారిని పిలవకుండానే స్వీకరించడానికి వీలిచ్చే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్‌లోని జాబితాలోనూ ఫుడ్ ఎనలిస్ట్ పేరు కనిపించదు.

కాబట్టి ప్రాసిక్యూషన్ రెండు సాధారణ దారులను సిద్ధం చేసుకోవాలి. మొదటిది నాగరిక్ సురక్షా సంహిత 330వ సెక్షన్. రిపోర్టును పత్రాల జాబితాలో చేర్చి, నకలు నిందితుడికి అందజేసి, దాని ప్రామాణికతను ఒప్పుకుంటారా కాదంటారా అని కోర్టు ద్వారా అడిగించాలి. జవాబుకు 30 రోజుల గడువు ఉంది. పక్షాల్లో ఎవరూ రిపోర్టును వివాదం చేయకపోతే నిపుణుడిని పిలవనక్కరలేదని ఈ సెక్షన్ కొత్తగా చేర్చిన నిబంధన చెబుతుంది. ఆ ఒప్పుకోలును కోర్టు డాకెట్‌లో (కేసు రోజువారీ నమోదులో) రాయించుకోవడం మరువరాదు. రెండోది, వివాదం చేస్తే ఎనలిస్ట్‌ను సాక్షిగా పిలిచి భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయంగా రుజువు చేయించడం. ఆ అభిప్రాయానికి ఆధారాలేమిటో కూడా 45వ సెక్షన్ ప్రకారం కోర్టు వినవచ్చు. ఈ రెండు చట్టాలూ 2024 జూలై 1న అమల్లోకి వచ్చాయి. అప్పటికే విచారణలో ఉన్న కేసులు పాత సీఆర్‌పీసీ, పాత సాక్ష్య చట్టం ప్రకారమే సాగుతాయి కాబట్టి మెమోలో సెక్షన్ నంబర్లు వేసేటప్పుడు కేసు ఏ కాలానిదో చూసుకోవాలి. ఎనలిస్ట్ పేరును సాక్షుల జాబితాలో మొదటి నుంచీ ఉంచడమే క్షేమం. నిందితుడు అభ్యంతరం చెప్పడులే అన్న ధీమాతో వదిలేసిన పేరును విచారణ మధ్యలో చేర్పించుకోవడం కష్టం.

శాంపిల్ తీసిన చోటి నుంచి ప్రయోగశాల దాకా

రిపోర్టు ఎంత బాగున్నా అందులో పరీక్షించిన వస్తువు నిందితుడి దగ్గర తీసినదేనని రుజువు కాకపోతే అది వేరెవరి గురించో చెప్పిన మాట అవుతుంది. 47వ సెక్షన్ ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. విశ్లేషణకు పంపుతున్నట్టు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి, ఒక్కో దానికీ సీలు వేసి, ఎవరి నుంచి తీశారో వారి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. వారు నిరాకరిస్తే సాక్షులను పిలిచి వారి సంతకాలు తీసుకోవాలి. ఒక భాగం ఎనలిస్ట్‌కు, రెండు భాగాలు డెసిగ్నేటెడ్ ఆఫీసర్ భద్రతకు వెళ్తాయి. నాలుగో భాగం వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన ప్రయోగశాలకు వెళ్తుంది. ఈ కోరే హక్కు వ్యాపారికి ఉందని నోటీసులో రాసి, అతడు కోరాడో లేదో అక్కడికక్కడే నమోదు చేయడం తప్పనిసరి అలవాటు కావాలి. కోరలేదన్న ఒక్క వాక్యం పంచనామాలో లేకపోతే, అడిగినా పంపలేదన్న వాదనకు జవాబు దొరకదు.

నిబంధనల ప్రకారం ప్రతి భాగానికీ డెసిగ్నేటెడ్ ఆఫీసర్ కోడ్, వరుస సంఖ్య ఉన్న స్లిప్ అంటించాలి, పైన కాగితం చుట్టి దారంతో కట్టి లక్క సీళ్లు వేయాలి. సీలు ముద్ర నమూనాను ఎనలిస్ట్‌కు విడిగా పంపాలి. ఈ విడిగా పంపడం వెనుక ఉద్దేశం తేలికైనదే. ప్యాకెట్‌ను దారిలో విప్పి మళ్లీ సీలు వేసినవాడు సీలు ముద్ర నమూనాను కూడా మార్చే వీలు లేకుండా చేయడం. 46(1) సెక్షన్ కింద ఎనలిస్ట్ ఈ రెండింటినీ పోల్చి సీలు స్థితిని నమోదు చేయాలి. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే అధికారి మొదట వెతకవలసింది కల్తీ శాతం కాదు, సీళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయని, నమూనాతో సరిపోయాయని రాసిన వాక్యం. డెసిగ్నేటెడ్ ఆఫీసర్ కార్యాలయంలో భాగాలను ఏ గదిలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎవరి తాళం కింద ఉంచారో చూపే రిజిస్టర్ కూడా సాక్ష్యమే. దాని గురించి చీఫ్‌లో (సాక్షిని పిలిచిన పక్షం చేసే మొదటి విచారణలో) ఒక్క ప్రశ్న కూడా అడగని కేసులే ఎక్కువ.

అలాగని ప్రతి లోపమూ కేసును ముంచదు. అలస్సేరీ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో, నిర్దేశించిన పరిమాణం కన్నా కొంచెం తక్కువ శాంపిల్ పంపినంత మాత్రాన, విశ్లేషణకు అది చాలినప్పుడు, రిపోర్టు చెల్లకుండా పోదని చెప్పింది. నియమభంగం వల్ల నిందితుడికి నష్టం జరిగిందా, ఫలితం నమ్మకాన్ని కోల్పోయిందా అన్నదే అసలు ప్రశ్న. 14 రోజుల్లో రిపోర్టు పంపాలన్న గడువు తప్పితే ఏమవుతుందన్న దాని మీద మాత్రం హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. గడువు దాటబోతున్నప్పుడు కారణాలూ, కొత్త తేదీ తెలుపుతూ ఎనలిస్ట్ డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కూ ఆహార భద్రతా కమిషనర్‌కూ రాయాలని 46(3) సెక్షన్‌లోనే ఉంది. ఆ ఉత్తరాన్ని సంపాదించి రిపోర్టుతో పాటు దాఖలు చేస్తే సగం వాదన అక్కడే తీరుతుంది.

సూక్ష్మజీవుల పరీక్ష వేరే సంగతి. పాల శాంపిల్‌కు చెడిపోకుండా ఫార్మలిన్ కలుపుతారు, అదే ఫార్మలిన్ ఉంటే బ్యాక్టీరియా లెక్కకు అర్థం లేదు. ఇంకా, చాలా ఉత్పత్తుల సూక్ష్మజీవ ప్రమాణాలు ఒకే లాట్ నుంచి ఐదు యూనిట్లు తీయాలన్న లెక్క మీద నిర్ణయమయ్యాయి. ఒక్క ప్యాకెట్ తీసి ఆ ప్రమాణం దాటిందని రాస్తే క్రాస్‌లో (ఎదుటి పక్షం చేసే ఎదురు విచారణలో) ఒక్క ప్రశ్నకే అది కూలుతుంది.

ప్రయోగశాల ధ్రువపత్రం

43వ సెక్షన్ ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) వంటి సంస్థ గుర్తింపు ఉండి, ఆహార ప్రాధికార సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నోటిఫై చేసిన ప్రయోగశాలలనే గుర్తిస్తుంది. గుర్తింపు ధ్రువపత్రం ఉందని తెలుసుకోవడం చాలదు. ఆ గుర్తింపు ప్రయోగశాల మొత్తానికి కాక ఒక్కో పరీక్షకు, ఒక్కో ఆహార వర్గానికి విడిగా వస్తుంది. కాబట్టి ధ్రువపత్రానికి జతచేసిన స్కోప్ పత్రాన్ని తెప్పించి, కేసులోని పరీక్ష అందులో ఉందా, పరీక్ష జరిగిన రోజున గుర్తింపు అమల్లో ఉందా అని చూడాలి. 2015 ఆగస్టులో మ్యాగీ నూడుల్స్ మీద నిషేధాన్ని బొంబాయి హైకోర్టు కొట్టివేయడానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఇదే. ఆధారపడిన ప్రయోగశాలల గుర్తింపు, శాంపిల్ తీసిన పద్ధతి 43, 47 సెక్షన్లకు నిలవలేదు. కోర్టు మళ్లీ పరీక్షలు చేయించిన మూడు ప్రయోగశాలల్లో ఒకటి హైదరాబాద్‌లోనిది, మిగిలినవి మొహాలీ, జైపూర్‌లలోవి. అది రిట్ పిటిషన్, ప్రాసిక్యూషన్ కాదు. అయినా డిఫెన్స్ న్యాయవాదులు దాన్ని ప్రతి కేసులోనూ చదివి వినిపిస్తారు, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

పద్ధతి విషయంలో 2010 నాటి పెప్సికో తీర్పు ఇంకా ముఖ్యం. శీతల పానీయంలో పురుగుమందు అవశేషాలున్నాయన్న ఆరోపణను సుప్రీంకోర్టు కొట్టివేసింది, ఎందుకంటే అప్పటికి పరీక్ష చేయవలసిన ప్రయోగశాలలను, పద్ధతులను నిర్దేశించే నియమాలు రూపొందలేదు. ఇప్పటి చట్టంలో శాంపిల్ తీసిన, విశ్లేషించిన పద్ధతిని రిపోర్టులో పేర్కొనాలని 42(2), 46(3) సెక్షన్లు కోరుతున్నాయి. ప్రాధికార సంస్థ మాన్యువల్ ప్రకారం అని ఒక్క ముక్కలో రాసి వదలకుండా, ఏ పద్ధతి, దాని సంఖ్య ఏమిటి, ఏ పరికరం, దాని కాలిబ్రేషన్ (కొలత సరిచూత) ధ్రువపత్రం ఏ తేదీది అన్నవి రిపోర్టులో గానీ దానికి అనుబంధంగా గానీ ఉండాలి. సంచార వాహనాల్లోనో దుకాణం దగ్గరో చేసే ర్యాపిడ్ కిట్ పరీక్షలు శాంపిల్ తీయడానికి కారణాన్ని చూపుతాయి, నేరాన్ని రుజువు చేయవు.

రిపోర్టులోని అభిప్రాయాన్ని తూచడం

అసలు చిక్కు ఇక్కడ ఉంది. 3(1)(జడ్‌జడ్) సెక్షన్ సురక్షితం కాని ఆహారాన్ని పన్నెండు ఉపవాక్యాల్లో వివరిస్తుంది. నిర్దేశించినవి కాని రంగులు లేదా నిల్వ పదార్థాలు ఉండటం ఎనిమిదోది, పురుగుపట్టడం తొమ్మిదోది, పురుగుమందులు మోతాదు మించడం పన్నెండోది. కాని ఈ జాబితాకు ముందు ఒక మాట ఉంది. ఆ ఆహారం స్వభావం, పదార్థం లేదా నాణ్యత ఆరోగ్యానికి హాని కలిగించేంతగా మారి ఉండాలి. చాలా రిపోర్టులు రంగు దొరికిందని రాసి, వెంటనే సురక్షితం కాదని తేల్చేస్తాయి. మధ్యలో రావలసిన హాని అన్న మెట్టును వదిలేస్తాయి. ఆ పదార్థం ఏమిటి, ఎంత మోతాదులో దొరికింది, ఆ మోతాదులో దాని వల్ల మనిషికి ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా 59వ సెక్షన్ కేసు మోయడం కష్టం. పసుపులో లెడ్ క్రోమేట్ దొరికితే సీసం విషప్రభావాన్ని ఎనలిస్ట్ రెండు వాక్యాల్లో కారణంగా రాయగలరు, రాయాలి. అదే అనుమతి ఉన్న రంగు అనుమతి లేని తినుబండారంలో కొద్ది మోతాదులో దొరికినప్పుడు హానికరం అన్న ముగింపు అంత సులభంగా రాదు. అలాంటి సందర్భంలో డెసిగ్నేటెడ్ ఆఫీసర్ ఎనలిస్ట్ మాటను యథాతథంగా కమిషనర్‌కు పంపడం కన్నా, కారణాలు అడిగి తెప్పించుకోవడమో, విషపదార్థ శాస్త్ర నిపుణుడి అభిప్రాయం తీసుకోవడమో మేలు. కారణం లేని అభిప్రాయానికి మన కోర్టులు ఎన్నడూ పెద్దగా విలువనివ్వలేదు.

సంఖ్యలను చదివేటప్పుడు కొలతలో ఉండే అనిశ్చితిని కూడా చూడాలి. టోన్డ్ పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థం 8.5 శాతం ఉండాలి. ఒక రిపోర్టు 8.4 శాతం చూపి, ఆ పద్ధతిలో రెండు వైపులా 0.2 తేడాకు వీలుంటే, ఆ పాలు ప్రమాణానికి తగ్గాయని సందేహానికి తావు లేకుండా చెప్పలేం. పైగా అది నాసిరకం ఆరోపణే కాబట్టి జరిమానా దారిలో వెళ్లవలసిన వ్యవహారం.

రెండో పరీక్ష అవకాశం

46(4) సెక్షన్ కింద వ్యాపారి, రిపోర్టు నకలు అందిన 30 రోజుల్లో ఎనిమిదో నమూనా ఫారంలో డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆమోదిస్తే ఒక భాగం రిఫరల్ ప్రయోగశాలకు వెళ్తుంది, దాని రిపోర్టే అంతిమం. ఎనలిస్ట్, గుర్తింపు పొందిన ప్రయోగశాల రిపోర్టులు విభేదించినా అదే దారి. రిపోర్టు నకలును ఎప్పుడు, ఎలా అందజేశారన్న దానికి రసీదో పోస్టల్ ట్రాకింగ్ పత్రమో లేకపోతే ఈ హక్కునే హరించారన్న వాదన గెలుస్తుంది. ఘీసారామ్ కేసులో సుప్రీంకోర్టు పట్టించుకున్నది అచ్చంగా ఇదే. పెరుగు శాంపిల్ తీశాక కేసు వేయడంలో జరిగిన ఆలస్యం వల్ల నిందితుడు తన భాగాన్ని పరీక్షించమని అడిగే నాటికి అది కుళ్లిపోయింది. విలువైన హక్కు పోయింది కాబట్టి శిక్ష నిలవలేదు. త్వరగా చెడిపోయే ఆహారం విషయంలో రిపోర్టు వచ్చిన రోజే నకలు పంపడం వల్ల ఈ కేసులు బతుకుతాయి. రిఫరల్ రిపోర్టు వచ్చిన తర్వాత మొదటి రిపోర్టును ఆధారంగా చూపడం మానుకోవాలి.

కొనుగోలుదారుడు సొంతంగా ఏదో ప్రయోగశాలలో చేయించుకున్న పరీక్ష ప్రాసిక్యూషన్‌కు చాలదు. 40వ సెక్షన్ ప్రకారం, తాను విశ్లేషణకు పంపుతున్నట్టు అమ్మినవాడికి అప్పుడే చెప్పి, ఫీజు కట్టి, ఫుడ్ ఎనలిస్ట్ చేత చేయించుకున్నదానికే చట్టంలో స్థానం ఉంది.

వైద్యుడి సాక్ష్యం, వ్యాపారి చూపే పత్రాలు, ఎలక్ట్రానిక్ ధ్రువపత్రం

గాయమో మరణమో జరిగిందని 59వ సెక్షన్‌లోని పెద్ద శిక్షలు కోరినప్పుడు, ఆహారం సురక్షితం కాదన్న రిపోర్టు ఒక సగమే. మరణం జరిగితే శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్తుంది. అంత శిక్షకు ఆ ఆహారం వల్లనే ఈ మనిషికి ఆ జబ్బు వచ్చిందన్న లంకె వైద్యుడి ద్వారా రుజువు కావాలి. రోగి నమూనాలో, ఆహార నమూనాలో ఒకే సూక్ష్మజీవి దొరికిందా, తిన్న సమయానికీ లక్షణాలు మొదలైన సమయానికీ ఉన్న వ్యవధి ఆ సూక్ష్మజీవికి సరిపోతుందా అన్నవి ఆసుపత్రి రికార్డుల నుంచి తీయాలి. డిశ్చార్జి పత్రంలో ఫుడ్ పాయిజనింగ్ అని రాసి ఉండటం రోగి చెప్పిన మాటకు ప్రతిధ్వని మాత్రమే కావచ్చు.

వ్యాపారి వైపు నుంచి సరఫరాదారు ఇచ్చిన విశ్లేషణ ధ్రువపత్రం, 26(4) సెక్షన్ కింది హామీ పత్రం లేదా బిల్లు వస్తాయి. ఆ ధ్రువపత్రంలోని బ్యాచ్ నంబరు, శాంపిల్ తీసిన ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూస్తే సగం ధ్రువపత్రాలు పక్కకు పోతాయి. మిగిలినవి 80వ సెక్షన్‌లోని తగిన జాగ్రత్త వాదనకు పనికివస్తాయి, అందులో నిజం ఉంటే ప్రాసిక్యూషన్ తయారీదారు వైపు తిరగడం న్యాయం.

శాంపిల్ తీసేటప్పటి వీడియో, సీసీటీవీ, శీతల వాహనంలోని ఉష్ణోగ్రత రికార్డు, ఆన్‌లైన్ ఆర్డర్ వివరాలు దాఖలు చేస్తే సాక్ష్య అధినియమ్ 63(4) సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి. మొదటిది రికార్డు ఇచ్చేవారు, రెండోది నిపుణుడు నింపాలి, హాష్ విలువ (ఫైలు మారితే తానూ మారే డిజిటల్ గుర్తు సంఖ్య) రాయాలి. ఫోన్‌లో తీసిన వీడియోకు హాష్‌ను తీసిన రోజే లెక్కించి పంచనామాలో రాస్తే తర్వాత వివాదం ఉండదు.

ఎనలిస్ట్ బోనులోకి వచ్చినప్పుడు

కేసు వేయడానికి 77వ సెక్షన్ ఒక్క ఏడాది గడువే ఇస్తుంది, కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ల దాకా అనుమతించవచ్చు. కాబట్టి సాక్షి బోనులోకి వచ్చేసరికి ఎనలిస్ట్ ఎన్నో వందల శాంపిళ్లు చూసి ఉంటారు, ఈ ఒక్కటి గుర్తుండదు. ఆయన వర్క్‌షీట్లు, పరికరం ఇచ్చిన ప్రింట్లు, రిజిస్టర్ నకలు తెచ్చుకునేలా సమన్లలోనే కోరాలి. చీఫ్‌లో ఆయన అర్హతను, ఆహార భద్రత చట్టం 45వ సెక్షన్ కింద నియామకాన్ని, శాంపిల్ ఎవరి ద్వారా ఏ తేదీన ఏ స్థితిలో అందిందో, సీలు పోల్చింది ఎవరో, పరీక్ష స్వయంగా చేశారా లేక తన పర్యవేక్షణలో మరొకరు చేశారా అన్నదాన్ని వరుసగా చెప్పించాలి. పరీక్ష పద్ధతిని మేజిస్ట్రేట్‌కు అర్థమయ్యే తెలుగులో ఒకసారి వివరించమని అడగడం, తెరమీద గీతలు, సంఖ్యలు చూపడం కన్నా ఎక్కువ పని చేస్తుంది. చివరగా హాని గురించి, ఏ ఉపవాక్యం కింద అభిప్రాయం ఇచ్చారో దాని గురించి అడగాలి. క్రాస్‌లో కొలతలోని అనిశ్చితి, నిల్వ ఉష్ణోగ్రత, స్కోప్ పత్రం గురించి ప్రశ్నలు వస్తాయని ముందే చెప్పి ఉంచడం సాక్షిని తయారుచేయడం కిందికి రాదు, రికార్డు చూసుకుని రమ్మనడమే అవుతుంది.

క్రాస్ తర్వాత సీలు నమూనా పోల్చిన వాక్యమో, పద్ధతి సంఖ్యో రికార్డులోకి రాలేదని తేలితే, వాదనలు మొదలు కాకముందే నాగరిక్ సురక్షా సంహిత 348వ సెక్షన్ కింద ఎనలిస్ట్‌ను మళ్లీ పిలవమని దరఖాస్తు పెట్టాలి. ఏ ఒక్క అంశం కోసం, ఏ పత్రం ఆధారంగా పిలుస్తున్నారో అందులో స్పష్టంగా రాయాలి, ఆ పత్రం నకలును అదే రోజు నిందితుడి న్యాయవాదికి ఇవ్వాలి.